నాంచారమ్మకు పెట్టిన పళ్ళెం

మార్టూరు దాటాక, గ్రానైట్ పాలిష్ యూనిట్ల వరసలో చివరిది సిలార్ మెకానిక్ షెడ్డు. దాని ముందు వీరాంజనేయులు వ్యాను ఆగి ఉంది. రోడ్డుకి అవతల కల్లంలో మిరపకాయలు ఎండబోశారు. పొద్దు వాలుతున్నా ఆ ఘాటు తగ్గలేదు. వీరాంజనేయులు స్టూలు మీద కూర్చుని దగ్గుతూ ఉన్నాడు. దగ్గడానికి కూడా ఓపిక లేనట్టు దగ్గుతున్నాడు.

అది ఒకప్పుడు మినీబస్సు. సీట్లు పీకించి రెండు బెర్తులు, ఒక సింకు, చిన్న ఫ్రిజ్ పెట్టించి కారవాన్ చేయించాడు. చీమకుర్తి క్వారీలకు రాయి కొనడానికి వచ్చే ఉత్తరాది వ్యాపారులకు అద్దెకు తిప్పేవాడు. అతను బండి నడిపితే నాంచారమ్మ వెనక వంట చూసుకునేది. మైక్రోవేవ్ కొనాలన్నది ఆమె పట్టే. బండ్లలో వాడేవి వేరే ఉంటాయని ఎవరో చెప్పారు గాని, ధర విని ఊరుకున్నారు. గుంటూరులో ఇళ్ళకు అమ్మే రకంలో అన్నిటికన్నా చవకది, రెండు మరలు తిప్పేది, తెచ్చుకున్నారు.

దానికి చాకిరీ ఎక్కువ. అది నడవాలంటే ఏసీ ఆపాలి, ఫ్రిజ్ ఆపాలి. ఇన్వర్టర్ మీద దాని శక్తి సగమే. ఇంట్లో చిటికెలో కాగేది ఇక్కడ మూలుగుతూ మూలుగుతూ కాగేది. బండి కదిలే ముందు లోపలి గాజు పళ్ళెం తీసి తువ్వాల్లో చుట్టాలి, తలుపుకి పురికొస కట్టాలి. నాంచారమ్మ ఇవన్నీ విసుగు లేకుండా చేసేది. కిందటి నెలలో జ్వరం వచ్చి, గుంటూరు ఆసుపత్రిలో పోయింది.

ఆనాటి నుంచి వీరాంజనేయులుకి నిద్ర లేదు. కన్ను మూతపడే వేళకు ఆ మైక్రోవేవ్ గంట టింగ్ మంటుంది. ఇంట్లో పడుకున్నా అంతే, బండిలో పడుకున్నా అంతే. భయమేమీ వేయలేదతనికి. అలసట, అంతే. పెళ్ళాం పోయిన దుఃఖం కూడా తీరిగ్గా పడలేనంత అలసట. బండిని సిలార్‌కి అమ్మేశాడు. సిలార్ రేపు పొద్దున్నే భార్య కౌసర్‌నీ, ఇద్దరు ఆడపిల్లల్నీ ఎక్కించుకుని ఊళ్ళు తిప్పడానికి బయల్దేరాలని ఉత్సాహంగా ఉన్నాడు.

వీరాంజనేయులు అక్క సుబ్బరావమ్మ మాత్రం ఫోనులో తిట్టిపోసింది. బండి చేతులు మారేలోపు నాంచారమ్మకు అందులో అన్నం పెట్టాలంది. ఏడేళ్ళుగా అది ఉన్నది ఆ బండిలోనే కదా, ఇంట్లో ఏనాడుందని అడిగింది. తింటే వెళ్ళిపోతుంది, తినకపోతే అందులోనే కూర్చుంటుంది అని చెప్పి, చివరికి ఒక్క మాట అంది.

“సిలార్ పిల్లల నెత్తిన పెడతావట్రా దాన్ని?”

వాళ్ళ ఇళ్ళలో ఆ పద్ధతి ఉంది. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి, గదిలో పెట్టి, తలుపు మూసి, అందరూ బయటికి వచ్చేస్తారు. కాసేపయ్యాక తలుపు తీసి చూస్తారు. మెతుకు చెదిరినా ముట్టుకున్నారనే లెక్క. కూతురు శ్రీదివ్య నరసరావుపేట నుంచి బస్సులో వచ్చింది. అన్నం, కొర్రమీను పులుసు వండి కేరేజీలో తెచ్చింది. అమ్మ వ్యాన్లో తినే నీలం పువ్వుల పింగాణీ పళ్ళెంలోనే వడ్డించింది.

తీరా చూస్తే బండిలో గది లేదు. బెర్తుకి ఉన్నది తెర. బాత్రూంలో అన్నం పెట్టలేరు. తలుపు మూసుకునేది ఒక్కటే కనబడింది. వీరాంజనేయులు పళ్ళేన్ని మైక్రోవేవ్‌లో పెట్టి తలుపు నొక్కాడు.

“అందులోనా నాన్నా?” అంది శ్రీదివ్య.

“మీ అమ్మకి దానికన్నా ఇష్టమైన గది ఏముంది?”

ముగ్గురూ షెడ్డు ముందుకొచ్చి కూర్చున్నారు. బండి బ్యాటరీ ముందే విప్పి షెడ్డులో ఛార్జింగ్‌కి పెట్టానని సిలార్ చెప్పాడు. వదిన తనకిచ్చిన టీలు తలుచుకున్నాడు. ఒక్కటీ నాలుక కాలకుండా తాగలేదట. శ్రీదివ్య కొంచెం నవ్వింది. అంతలో కరెంటు పోయింది. యూనిట్లలో రాళ్ళు కోసే రంపాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పొద్దుటి నుంచీ చెవుల్లో ఉన్న రొద పోయేసరికి, దూరంగా కల్లంలో గోనె పట్టా రెపరెపలాడటం కూడా వినబడింది.

ఆ నిశ్శబ్దంలో... టిక్ టిక్ టిక్...

వ్యానులోంచే. మైక్రోవేవ్ మర తిరిగే చప్పుడు. తర్వాత గంట మోగింది.

“నువ్వు తిప్పావా?” గొంతు తగ్గించి అడిగింది శ్రీదివ్య.

“లేదు... ఏమో. చెయ్యి అలవాటున తిప్పిందేమో.”

స్ప్రింగు మర గదా, కరెంటు లేకపోయినా తిరుగుతుందన్నాడు సిలార్. ముగ్గురూ వెళ్ళి తలుపు తీశారు. పళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది. ఒక్క మెతుకు కదల్లేదు. పులుసు మీద నూనె పేరుకుంది.

వీరాంజనేయులు బెర్తు అంచున కూలబడ్డాడు. ముట్టలేదు. ఇక బండి ఇవ్వడానికీ లేదు, ఉంచుకోవడానికీ లేదు. మళ్ళీ పడుకోవడం, మళ్ళీ గంట.

సిలారే మెల్లగా అన్నాడు. “వదిన చల్లటిది ఎన్నడు తిన్నది అన్నా?”

నిజమే. అతనే వెళ్ళి బ్యాటరీ మోసుకొచ్చి బిగించాడు. ఈసారి వీరాంజనేయులు తెలిసే మర తిప్పాడు. ఇన్వర్టర్ కీచుమంది. పెట్టెలో పచ్చటి దీపం వెలిగి, పళ్ళెం తిరగడం మొదలైంది. వాళ్ళు కిందికి దిగి వ్యాను తలుపు జారవేశారు.

ఎప్పటి మూలుగే. మిరప ఘాటుని తోసుకుంటూ పులుసు వాసన బయటికొచ్చింది. చింతపండు, మెంతులు, చేప. వీరాంజనేయులుకి ఆకలేసింది. భార్య పోయాక మొదటిసారి ఆకలేసింది.

మూలుగు మధ్యలో పళ్ళెం గీరుకున్న చప్పుడు. ఆగింది. మళ్ళీ గీరుకుంది. గాజు పళ్ళెం సరిగ్గా కూర్చోలేదేమో అనుకున్నాడు. మూలుగు బరువెక్కింది... చాలా బరువైనది తిప్పుతున్నట్టు. ఆపైన పులుసు వాసన తగ్గడం కాదు, ఒక్కసారిగా లేకుండా పోయింది.

గంట మోగింది.

ఎవరూ లేవలేదు. చివరికి శ్రీదివ్యే ఎక్కితే, వెనకే మిగతా ఇద్దరూ ఎక్కారు. ఫోను వెలుతురులో మైక్రోవేవ్ తలుపు తీసింది. పళ్ళెం ఖాళీగా ఉంది. కడిగి తుడిచినట్టు ఖాళీగా ఉంది.

సిలార్ రెండు చేతులూ మొహానికి తుడుచుకున్నాడు. కళ్ళు చెమ్మగిల్లాయి. “తిన్నది వదిన. ఇంక నువ్వు పడుకో అన్నా. కంటినిండా నిద్రపో.” కరెంటు రాగానే బ్యాటరీ మళ్ళీ ఛార్జింగ్‌కి పెట్టాలంటూ విప్పి, భుజాన పెట్టుకుని షెడ్డులోకి పోయాడు. వీరాంజనేయులు ఒళ్ళంతా వదులైంది. అక్కడే, ఆ బెర్తు మీదే ఒరిగిపోవాలనిపించింది.

శ్రీదివ్య పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

“నాన్నా... ముళ్ళేవి?”

అతనికి అర్థం కాలేదు.

“అమ్మకి చేప ముల్లంటే భయం. కొర్రమీనుకుండే ఆ నాలుగు ముళ్ళు కూడా తీసి పళ్ళెం అంచున వరసగా పెట్టేది. తలకాయ ముట్టుకునేదే కాదు.” ఆమె పళ్ళేన్ని ఫోను వెలుతురులో తిప్పి చూపించింది. “తలకాయ కూడా లేదు నాన్నా.”

ఇద్దరూ కిందికి దిగి వ్యాను తలుపు లాగేశారు. అప్పుడే వీరాంజనేయులు ఫోను మోగింది. సుబ్బరావమ్మ. తిందా అని అడిగింది. తిందన్నాడు. ఆమె నిట్టూర్చి, కిటికీ రెక్క తీసి ఉంచారుగా అంది. తలుపు మూసినా కిటికీ వదలాలట, పోయిన మనిషి బయటి నుంచి వచ్చే దారి అదేనట. ఎక్కడ పెట్టారని అడిగింది. అతను చెప్పాడు.

“దానికి సందెక్కడుందిరా,” అంది సుబ్బరావమ్మ. “బయట ఉన్నది లోపలికి ఎట్లా వస్తుంది?”

సిలార్ చేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చాడు. తాళాల కోసం అరచెయ్యి చాపాడు. అతని వెనక కౌసర్ చిన్నపిల్లని ఎత్తుకుని, బండి చూపిద్దామని నవ్వుతూ వస్తోంది.

వీరాంజనేయులు గుప్పిట మూశాడు. బండి ఇవ్వనన్నాడు. తిన్నది నాంచారమ్మ కాదు, ముందే ఆ పెట్టెలో ఉన్నదేదో అని ఎట్లా చెప్తాడు? మాట తప్పుతావా అన్నా అని సిలార్ నొచ్చుకుంటుంటే, తల దించుకుని విన్నాడు. ఇక తనకు నిద్ర లేదని అప్పుడు తెలిసింది.

శ్రీదివ్య అతని చొక్కా పట్టుకుని లాగింది. వ్యాను వైపు చూపించింది.

కరెంటు ఇంకా రాలేదు. బ్యాటరీ షెడ్డులో ఉంది. జారుడు తలుపు సందులోంచి పచ్చటి వెలుతురు కింద మట్టి మీద పడుతోంది. లోపల మూలుగు లేదు, టిక్ టిక్ లేదు.

తీరిగ్గా, ఒకదాని తర్వాత ఒకటి, ముళ్ళు నములుతున్న చప్పుడు మాత్రం వస్తోంది.