నూకరాజు మూర

కొలకన్ను ఆగిపోయి గంటన్నర దాటింది. ఉప్పాడ కరకట్ట అడుగున కట్టిన బడిలో పదకొండుమంది పిల్లలు బల్లల మీదికెక్కి కూర్చున్నారు. కింద చీలమండల దాకా సముద్రపు నీళ్లు చేరాయి.

కొలకన్ను అంటే కనుపాపకు అంటించుకునే పలచటి పొర. దేన్ని చూస్తే దాని పొడవు, లోతు అంకెలై కనిపిస్తాయి. అది వచ్చాక టేపులూ స్కేళ్లూ ఎవరి దగ్గరా మిగల్లేదు. తలుపులైనా అది చూస్తేనే తెరుచుకుంటాయి. ఎంత గొప్ప తెలివో! సూర్యుడి మీద తుఫాను రేగి కొలకన్ను ఆగేసరికి మెట్ల తలుపు బిగుసుకుపోయింది. సముద్రపు పోటు తాకిడికి, నీళ్లు లోపలికి రాకుండా ఆపే తూము చెక్క విరిగింది.

హైమవతి టీచరు పొద్దున చెప్పిన పాఠాన్నే నమ్ముకుంది. ప్రాచీన ఈజిప్టువాళ్లు ఒంటితోనే కొలిచేవారు. నాలుగు వేళ్ల వెడల్పు బెత్తెడు. మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా మూర. "అందరి చేతులూ ఒకే పొడవుంటాయా టీచర్?" అని తన్మయి అడిగితే, "అది రేపు చెప్పుకుందాం" అనేసింది.

ఆమె తూము గాడికి చెయ్యి ఆనించి కొలిచి, కట్ట మీదున్న బడి వడ్రంగికి మాటగొట్టంలో అరిచింది. "నూకరాజూ! రెండు మూరలు, ఒక బెత్తెడు!"

"ఆయ్! కోసి పంపేత్తన్నానండి."

తాడు కట్టిన చెక్క, మనిషి పట్టని పైకప్పు కంతలోంచి దిగింది. గాడిలో పెట్టి చూస్తే నాలుగు వేళ్లు తక్కువ. ఆ సందులోంచి నీళ్లు ఎగదన్నాయి. చూస్తుండగానే మోకాళ్ల దాకా వచ్చేశాయి.

"పొట్టిదయింది! ఇంకెన్ని చెక్కలున్నాయి?"

"ఒక్కటేనండి."

అదీ చెడితే పిల్లలు దక్కరు.

"నూకరాజు బాబాయి మీకంటే పొడుగు కదా టీచర్," అంది తన్మయి. "ఆయన మూరతో కోస్తే చెక్క పెద్దదవ్వాలి. చిన్నదెలా అయింది?"

ఆ మాట గొట్టంలోంచి పైకి వినబడింది. పైన రంపం కింద పెట్టిన చప్పుడైంది.

"మాట్లాడవయ్యా! పిల్లలు మునిగిపోతారు!"

"నాకు రెండు చేతుల వేళ్లూ సగమే ఉన్నాయండి," అన్నాడు నూకరాజు. "యంత్రంలో పడి తెగిపోయేయండి, ఏడేళ్ల కిందట. చేతి తొడుగుల్లో దూది కుక్కుకుని తిరుగుతున్నానండి. చెప్పడానికి సిగ్గేసి, పోయిన వేళ్లకి ఉజ్జాయింపుగా కలిపి కోసేనండి. అవి ఎంతుండేయో మర్చిపోయేనండి."

హైమవతి అతణ్ని తిట్టలేదు. తప్పు తనదీ ఉంది. ఈజిప్టులోనూ ఇదే చిక్కొస్తే, రాజు మూరను నల్లరాతి మీద చెక్కించి, దానికి సరిపడే కర్రలు పనివాళ్లకిచ్చారు. నైలు వరద తీశాక పొలాలను ముడుల తాడుతో కొలిచారు. పాఠంలో ఆ సగాన్నే ఆమె రేపటికి వాయిదా వేసింది.

"నా చెయ్యీ వద్దు, నీ చెయ్యీ వద్దు!" అని అరిచి, చెక్కకున్న తాడు విప్పింది. గాడి నుంచి గాడికి బిగించి లాగి రెండు ముడులు వేసింది. "లాక్కో! ముడి నుంచి ముడికి కోయి!"

పైన రంపం చప్పుడు మొదలైంది. మధ్యమధ్యలో ఆగుతోంది. సగం వేళ్లతో రంపం పట్టు నిలవడం లేదని అందరికీ అర్థమైంది. నీళ్లు నడుముకొచ్చాయి, చిన్నపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. రెండో చెక్క దిగింది. హైమవతి భుజంతో నెట్టింది. చెక్క గాడిలో దిగి బిగిసింది, నీళ్లు ఆగిపోయాయి.

సాయంత్రానికి కొలకన్ను బతికింది. తలుపు తెరుచుకుంది. గుమ్మంలో నూకరాజు తొడుగుల్లేకుండా నిలబడ్డాడు.

"ఏడేళ్లూ రోజూ నిన్ను చూస్తూనే ఉన్నాను కదయ్యా," అంది హైమవతి.

"చూసేరండి. తొడుగుల్ని చూసి పదివేళ్లూ కొలతకి సరిగ్గా ఉన్నాయని కొలకన్ను చెప్పేదండి. ఇంక ఎవరూ అడగలేదండి."

ఆమె అతని చేతులు రెండూ పట్టుకుని భోరుమంది.

"ఊరుకోండి టీచరుగారండీ," అన్నాడు నూకరాజు. "పిల్లలు చూత్తన్నారు."