సంగవ్వకు జోడు

కుండల్‌వాడిలో కేబుల్ లైన్ చూసేది నేనే. పేరు గంగాధర్. టీవీ రాకపోతే ఊరంతా నన్నే తిడుతుంది, వస్తే మర్చిపోతుంది. సంగవ్వ ఒక్కతే అలా కాదు. ఎప్పుడు వెళ్లినా ముందు జొన్నరొట్టె చేతిలో పెట్టి, తర్వాతే పని చెప్తుంది.

ఆ సాయంత్రం వాన అప్పుడే వెలిసింది. సంగవ్వ ఇల్లంతా తడిమట్టి వాసన. ఆమె టీవీ వైరును ఎలుకలు కొరికేశాయి. పాడైన ముక్క తీసేస్తే మిగిలింది టీవీ దాకా అందడం లేదు. నా సంచిలో వైరు లేదు. దుకాణం దాకా పోయి రావడానికి బద్ధకం.

పక్కిల్లు వెంకవ్వది. ఒంటరి మనిషి, పోయి ఇంకా నెల కాలేదు. ఇద్దరు ముసలమ్మలూ రోజూ కలిసే సీరియల్ చూసేవాళ్లు. ఇప్పుడా ఇంటికి తాళం. కిటికీలోంచి ఆమె వైరు ఊరికే వేలాడుతోంది. పోయినవాళ్లకు టీవీ ఎందుకనుకుని లాగాను.

కొంచెం వచ్చింది. ఆగింది. మళ్లీ లాగాను.

లోపలి నుంచి ఎవరో తిరిగి లాగారు...

మంచంకోడుకు చిక్కుకుందిలే అని నాకు నేనే చెప్పుకుని, కత్తిరించేశాను. చేతికి ఏదో జిడ్డు. కొబ్బరినూనె వాసన.

“కొత్త వైరేనా బిడ్డా?” సంగవ్వ అడిగింది.

“కొత్తదే అవ్వా.”

ఆమె పెట్టిన రొట్టె ఇంకా నా పళ్ల మధ్యే ఉంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం అంటారే, అది నేనే.

రెండు వైర్ల కొసలూ ఒలిచి కింద పెట్టాను. వాటిని కలిపే చిన్న ఇత్తడి ముక్కను మా పనివాళ్లు జోడు అంటారు. జేబులో వెతుకుతూ, “జోడు ఒక్కటి వేస్తే అయిపాయె అవ్వా” అన్నాను.

టీవీలో దగ్గు వినిపించింది.

నేనింకా కలపలేదు.

“జోడు... నాగ్గూడ కావాలె...”

వెంకవ్వ గొంతు. తెర మాత్రం నల్లగా ఉంది.

“నా వైరే గద సంగీ... నీ దాక అచ్చింది... నువ్వు రా...”

సంగవ్వ నా వైపు తిరిగింది. “కొత్తదంటివి గద బిడ్డా” అంది మెల్లగా. తర్వాత నా చొక్కా పట్టుకుంది. “దాన్ని అవుతల పారెయ్యి. నేను పోను బిడ్డా... నేను పోను...”

కత్తెర చేతిలోనే ఉంది. ఆ వైరు తీసి బయట పారేస్తే సరిపోయేది. ఆమె వేళ్లు విడిపించుకుని పరుగెత్తాను. చెప్పులు కూడా వేసుకోలేదు. వెనక నుంచి “బిడ్డా...” అని ఒక్కసారి వినిపించింది.

పొద్దున్నే కొత్త వైరు కొనుక్కుని వెళ్లాను. ఏ మొహం పెట్టుకుని వెళ్లానో నాకే తెలియదు. తలుపు తెరిచే ఉంది. టీవీలో బొమ్మ అద్దంలా వస్తోంది. సంగవ్వ తలంటుకుని, నూనె రాసుకుని, దాని ముందు కూర్చుంది.

“అవ్వా... కొత్త వైరు తెచ్చిన.”

ఆమె నా వైపు చూడలేదు.

“రొట్టె లేదు. ఇద్దరం తిన్నం.”

జేబు తడుముకున్నాను. జోడు జేబులోనే ఉంది. వంగి చూశాను. నేల మీద రెండు కొసలూ కలిసి ఉన్నాయి. వాటి చుట్టూ నెరిసిన వెంట్రుకలు, నూనె పెట్టి, బిగించి అల్లిన జడ.