పెయింటు ఆరని బెంచీ

ఆ రోజు మా బెంచీకి కొత్త రంగు వేశారు.

కేసు తేల్చండి మహాప్రభో అని ఇన్నేళ్ళుగా తిరుగుతుంటే, పోలీసు ఆఫీసు వాళ్ళు మా కోసం చేసిన మొదటి పని అదే. ముదురాకుపచ్చ ఆయిల్ పెయింటు. ఇంకా తడిగానే ఉంది.

"చూశారా, మన మొర విన్నారు," అన్నాడు డ్రైవరన్నయ్య. "హంతకుడు దొరక్కపోతే పోయాడు, బెంచీ మాత్రం మెరిసిపోతోంది."

"ఊరుకోండి, విన్నారంటే గోడలకి కూడా వేస్తారు. ఇంకో పదేళ్ళు దానికే సరిపోతుంది," అంది టీచరమ్మ.

ఆ బెంచీ ఆఫీసు వెనకవైపు నడవాలో ఉంటుంది. రెండు పక్కలా మూసిన గదులు. ఒక్క కిటికీ లేదు. ఆ చివర ఒక ట్యూబులైటు, అది వెలిగితే వెలుగు, లేకపోతే గుహ. సోమవారం ఆఫీసరు అర్జీలు వింటాడు. అందుకని సోమవారం మేం వస్తాం.

టీచరమ్మ కొడుకుని పట్టపగలు నడివీధిలో కొట్టి చంపారు. వీధి నిండా జనం, సాక్షి మాత్రం ఒక్కడూ లేడు. డ్రైవరన్నయ్య బండి మీద ఉండగా ఆయన భార్యని ఇంట్లోనే చంపేసి పోయారు. మొగుడి పనే అయ్యుంటుందని పోలీసులు ఆయన్ని తీసుకెళ్ళి కుళ్ళబొడిచారు. కాదని తేలేసరికి అసలువాడి ఆనవాళ్ళు కూడా మిగల్లేదు.

ఇక నేను. కుట్టుపని నాది. మా చెల్లెలు నాతోపాటే కొట్లో కుట్టేది. దానిది ఎడమచేతి వాటం. మిషన్ మీద కుట్టే ముందు చేత్తో వేసే కచ్చాకుట్టు నాది కుడికి వాలితే దానిది ఎడమకి వాలేది. 'మీ అక్కచెల్లెళ్ళు కుట్టులో కూడా ఎడమొహం పెడమొహమేనా?' అని మా దగ్గరికి వచ్చేవాళ్ళు వేళాకోళం చేసేవారు. ఎవడో వెంటపడుతున్నాడని అది ఇక్కడికే వచ్చింది, ఈ బెంచీ మీదే కూర్చుంది. 'నిన్నేమైనా చేశాడా?' అని అడిగారట. 'ఇంకా ఏమీ జరగలేదండీ' అందట. 'అయితే జరిగాక రా' అన్నారు.

జరిగింది. అది రాలేదు కనక నేను వస్తున్నాను.

మా బెంచీకి ఒక పద్ధతుంది. ఎంత ఇరుకైనా ఆ చివర ఒక మనిషి పట్టే చోటు వదిలి కూర్చుంటాం. కొత్తగా వచ్చేవాళ్ళ కోసం. మొదటిరోజు ఆ నడవాలో ఎక్కడ నిలబడాలో తెలియక గోడకి అతుక్కుపోయి ఏడ్చినవాళ్ళమే అందరం. అందుకే ఎవరొచ్చినా, 'రా అమ్మా కూర్చో, ఎవరి కోసం వచ్చావు?' అని ముందు టీచరమ్మ పలకరిస్తుంది. 'మా అబ్బాయి కోసం', 'మా అక్క కోసం' అంటారు. అంతే, ఆ తర్వాత మనిషి మనవాళ్ళలో కలిసిపోతుంది.

ఆ రోజు తడి పెయింటు మీద పాత సంచులు పరుచుకుని కూర్చున్నాం. ఖాళీ చోటు మీద ఏమీ వెయ్యలేదు. పక్కనే నేను.

మా చెల్లెలి కేసు మూసేస్తారో లేదో తేలేది ఆ సాయంత్రమే. మేం అడుగుతున్నది పెద్ద కోరికేమీ కాదు. మాతో ఒక్క మాట చెప్పకుండా కేసు మూసెయ్యకండి. ఒకరికి చేతకాకపోతే ఇంకొకరికి ఇచ్చి మళ్ళీ చూపించండి. ఈ రెండూ మీ దయాదాక్షిణ్యాలకి వదలకుండా చట్టంలో రాయండి. ఇంతే. దీనికి అందరూ తల ఊపుతారు. తల ఊపడంలో మన పెద్దలని మించినవాళ్ళు లేరు.

సాయంత్రమైంది. బయట వాన పట్టుకుంది. ఆఫీసరు ఇంకా మీటింగులోనే ఉన్నాడు.

కరెంటు పోయింది.

ఎదురుగా ఉన్న నా చెయ్యి నాకే కనబడలేదు. పెయింటు ఘాటు, తడి గొడుగుల వాసన, ఎక్కడో ఫినాయిలు. పైన రేకుల మీద వాన చప్పుడు. ముగ్గురం మాట్లాడటం మానేశాం. చీకట్లో మాట్లాడితే ఎవరి గొంతు వాళ్ళకే పరాయిదిలా ఉంటుంది.

అప్పుడు బెంచీ కిర్రుమంది.

నా పక్కన... ఆ ఖాళీ చోట్లో... ఎవరో కూర్చున్నారు.

అడుగుల చప్పుడు వినలేదు. బరువు మాత్రం తెలిసింది. బెంచీ ఆ వైపు కొద్దిగా దిగింది. గాలిలో ఇంకో వాసన కలిసింది. మిషన్ నూనె, సుద్దముక్క. నా బట్టల్లోంచే వస్తోంది అనుకున్నాను.

టీచరమ్మ అలవాటుగా పలకరించింది. "సర్దుకుని కూర్చో అమ్మా. పెయింటు తడిగా ఉంది, జాగ్రత్త. ఎవరి కోసం వచ్చావు?"

బెంచీ మళ్ళీ కిర్రుమంది.

"నా కోసమే వచ్చానండీ."

గుసగుస. చిన్న గొంతు. ఎక్కడో విన్న గొంతు.

"నీ కోసం అంటే... ఏం జరిగిందమ్మా?"

"ఇంకా జరగలేదండీ."

ఫోను లైటు వేద్దామని కాళ్ళ దగ్గర పెట్టిన నా సంచీ కోసం చెయ్యి కిందికి జార్చాను. వేళ్ళకి బట్ట తగిలింది. తడి బట్ట. మందంగా, గీతలు గీతలుగా... కార్డురాయ్. గౌను అంచు. ఆ అంచు మీద పొడుగు పొడుగు కుట్లు. కచ్చాకుట్టు. ఇంకా మిషన్ ఎక్కని గౌను.

వేళ్ళు వెనక్కి తీసుకోలేకపోయాను. ఆ మనిషి మడమ నా మణికట్టుకి ఆనుకుని ఉంది. చల్లగా...

లైటు వచ్చింది.

నా పక్కన ఎవరూ లేరు.

తడి పెయింటు మీద మాత్రం మనిషి కూర్చున్న ముద్ర. ఆ ముద్రలో నిలువునా సన్నటి గీతలు, కార్డురాయ్ బట్ట నొక్కుకున్నట్టు.

"టైలరమ్మా," అన్నాడు డ్రైవరన్నయ్య. "నువ్వు కూడా విన్నావా?"

విన్నాను. వినడమే కాదు, ఆ గౌను నాకు తెలుసు. మా కొట్టు పక్కన ఫోన్ల షాపులో పనిచేసే అమ్మాయిది. ఆ బట్ట ఊళ్ళో ఇంకెవరూ కుట్టించుకోలేదు. మిగిలిన ముక్కతో తనకీ ఒకటి కుట్టమని మా అమ్మాయి గొడవ చేస్తే దానిది కూడా కత్తిరించి పెట్టాను గాని, ఇంకా దానికి సూది తగల్లేదు. కచ్చా వేసి ఉంచింది ఫోన్ల షాపు అమ్మాయి గౌనుకే.

ఆఫీసరు గదిలోకి పిలవకుండానే వెళ్ళాం.

"మీ చెల్లెలి సంగతేగా? కూర్చోండి."

"కాదండీ. ఇంకో అమ్మాయి. దాన్ని చంపబోతున్నారు. ఎవరినైనా తోడు పంపండి."

"ఎవరు చంపబోతున్నారు?"

"తెలియదు."

"బెదిరించారా? కొట్టారా? ఏం జరిగింది?"

ఆ మాట నా నోట రాకూడదని నాలుక కరుచుకున్నాను. అయినా ఆ మాటే వచ్చింది.

"ఇంకా ఏమీ జరగలేదండీ."

ఆయన జాలిగా నవ్వాడు. ఆ జాలి కంటే చెంపదెబ్బ నయం. "ఇంటికెళ్ళి పడుకో అమ్మా. ఏదైనా జరిగితే అప్పుడు రా."

"జరిగాక రావడానికి ఆ పిల్లకి కాళ్ళుండవు బాబూ," అంది టీచరమ్మ. "క్లాసులో ఇట్లాంటి జవాబు చెప్పినవాణ్ణి నేను గోడ కుర్చీ వేయించేదాన్ని. నీకు ఏకంగా కుర్చీయే ఇచ్చారు."

బయటికొచ్చి డ్రైవరన్నయ్య వ్యానెక్కాక గుర్తొచ్చింది. చెల్లెలి కేసు గురించి ఒక్క మాట అడగలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి. మళ్ళీ వెనక్కి పోదామా అనిపించింది. చచ్చినదాని కోసం బతికున్నదాన్ని వదిలేస్తే ఆ ఆఫీసరుకీ నాకూ తేడా ఏముంది?

కొట్టుకి ఫోన్ చేశాను.

"ఫోన్ల షాపు అక్క వచ్చిందా?"

"ఇప్పుడే వెళ్ళిందమ్మా," అంది మా అమ్మాయి. "అంచు కచ్చాకుట్టే ఉందక్కా అంటే, ఒక్క సాయంత్రానికి ఊడిపోతుందా ఏంటి అని వేసుకునే వెళ్ళిపోయింది."

"నువ్వు తలుపు గడియ పెట్టుకో. నేనొచ్చేదాకా ఎక్కడికీ కదలకు."

డ్రైవరన్నయ్య వ్యాను నడిపిన తీరు చూస్తే మమ్మల్ని కూడా ఆ బెంచీ మీదికి చేరుస్తాడేమో అనిపించింది. ఆ అమ్మాయి బస్టాపులో ఒంటరిగా నిలబడి ఉంది. వానకి గౌను అంచు తడిసి కాళ్ళకి అంటుకుంది. చెయ్యి పట్టుకుని వ్యానులోకి లాగాను.

"ఏంటాంటీ ఇది, కిడ్నాపా? మా ఇంట్లో ఇచ్చేంత లేదు, ముందే చెప్తున్నా," అంది నవ్వుతూ.

నేను దాని కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. సంచీలోంచి సూదీ దారం తీశాను. పిచ్చి ఆలోచనే. బెంచీ మీద కూర్చున్నది కచ్చాకుట్టు గౌనుతో వచ్చింది. ఈ కుట్టు తీసేసి గట్టిగా కుట్టేస్తే ఇది ఆ గౌను కాదు, ఇది ఆ పిల్ల కాదు. మునిగిపోతున్నవాళ్ళు గడ్డిపోచని పట్టుకుంటే నవ్వకండి. మాకు గడ్డిపోచ కూడా ఎవరూ అందించలేదు.

కచ్చా తెంపేసి జంటదారంతో చుట్టూతా కుట్టాను. వేలికి సూది దిగినా ఆపలేదు. వెనక్కి తిప్పి చూశాను. పెయింటు మరకేమీ లేదు. ఇంకా జరగనిదానికి మరకెందుకు ఉంటుంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

"అమ్మాయీ," అంది టీచరమ్మ మెల్లగా. "నీ వెనక ఎవరైనా పడుతున్నారా?"

దాని నవ్వు టక్కున ఆగింది.

"...మీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పక్కర్లేదు. ఏ ఆడపిల్లని అడిగినా ఆ ప్రశ్నకి జవాబు ఉంటుంది. అడగడమే ఎవరూ అడగరు.

"మా ఇంటికి పద. ఎన్నాళ్ళైనా ఉండు. గురక పెడతాను గాని మంచిదాన్నే," అంది టీచరమ్మ. ఆ పిల్ల ఆవిడ భుజంలో మొహం దాచుకుంది. నన్ను కొట్టు దగ్గర దింపి వాళ్ళు వెళ్ళిపోయారు.

గుండెల మీంచి బండ దిగినట్టుంది. ఒక్కదాన్ని కాపాడాం. పోలీసు లేడు, చట్టం లేదు, ముగ్గురు ఏడుపుమొహాలవాళ్ళం కలిసి ఒక్కదాన్ని...

తలుపు తట్టాను. మా అమ్మాయి గడియ తీసింది.

"ఎలా ఉందమ్మా?" అని చేతులు చాపి గుండ్రంగా తిరగబోయింది.

కార్డురాయ్ గౌను.

"ఇదెవరు... ఎవరు కుట్టారు?"

"అదేంటి? నువ్వే కదా! పొద్దున్న నువ్వెళ్ళాక చూస్తే బల్ల మీద మొత్తం కచ్చా వేసి ఉంది. సర్‌ప్రైజ్ అనుకున్నా. సరిపోతుందో లేదోనని ఇప్పుడే వేసుకున్నా."

వంగి అంచు పట్టుకున్నాను. తడిగా ఉంది. కుట్ల మీద వేలు పెట్టి నడిపించాను. వేళ్ళు అబద్ధం చెప్పవు. వ్యానులో నేను తెంపిన కుట్టు కుడికి వాలిన కుట్టు. నాది. బెంచీ దగ్గర చీకట్లో తగిలిన కుట్టు...

ఎడమకి వాలింది.

ఇది కూడా ఎడమకే.

అదే వాసన. మిషన్ నూనె, సుద్దముక్క. పొద్దస్తమానం ఈ కొట్లో కూర్చునే పిల్ల వాసన. చెల్లెలా... నన్ను హెచ్చరించడానికి కుట్టావా? లేక...

"బయటికి వెళ్ళావా?" అన్నాను. నా గొంతు గుసగుసలా వచ్చింది.

"వాన మొదలైనప్పటి నుంచీ ఈ కొట్టు గడప దాటలేదమ్మా. ఒట్టు."

"అంచు ఎందుకు తడిసింది?"

అది వంగి చూసుకుంది. దానికీ అర్థం కాలేదు. "అవును... ఎందుకు తడిసింది?"

భుజాలు పట్టుకుని దాన్ని మెల్లగా వెనక్కి తిప్పాను.

నడుము కింద అడ్డంగా ఆకుపచ్చ పట్టీలు. బెంచీ చెక్కల వెడల్పే.

వేలు పెట్టి చూశాను.

ఇంకా ఆరలేదు.