నాలుగో ఆల్బమ్‌లోంచి తీసేసిన రొద

పిల్లలూ, మన అలమరలో ఆ జాజ్ పియానో మాస్టారి ఆల్బమ్‌లు ఆరే ఉన్నాయి. నాలుగోది ఏదని మీరు అడిగినప్పుడల్లా ఏదో చెప్పి మాట మార్చాను. అయినవాళ్లెవరూ లేని చోట పెరుగుతున్న పిల్లల్ని భయపెట్టడం ఎందుకనుకున్నాను. ఇప్పుడు మీరూ పియానో ముందు కూర్చుంటున్నారు. ఇక వినండి.

ఆ మాస్టారి చిన్న కూతురు పాత టేపుల్లో రొద తీసి బాగుచేసేది. భవనం అడుగున, కిటికీల్లేని గది. మిట్టమధ్యాహ్నమైనా అక్కడ చీకటే. వేడెక్కిన మిషన్ల వాసన, పాత టేపుల పుల్లటి వాసన. నాన్న పాటలన్నీ మళ్లీ విడుదలవుతున్నాయని తెలిసి, ఆ పని తనే అడిగి తీసుకుంది. బుద్ధెరిగినప్పటి నుంచి ఆయన నోట "బాగుంది" అన్న మాట వినలేదు. ఈసారైనా వినాలని ఆశ.

ఆ పనికో పద్ధతుంది. తీసేసిన రొదను పారెయ్యకూడదు. విడిగా దాచి, దాన్నొక్కదాన్నే వినాలి. రొదతోపాటు సంగీతం కూడా కొట్టుకుపోయిందేమో చూసుకోవాలి కదా.

నాలుగో ఆల్బమ్‌లో చివరి పాటే మాస్టారికి పేరు తెచ్చింది. అందులో ఒకచోట లయ తడబడి, మళ్లీ నిలదొక్కుకుంటుంది. ఆ తడబాటును జనం నెత్తిన పెట్టుకున్నారు. ఆమె ఆ పాటను శుభ్రం చేసి, తీసిన రొదను చెవులకు పెట్టుకుంది.

ముందు సన్నటి గాలిహోరు... తర్వాత, టక్. టక్. టక్. తోలు మీద చిన్న వేలితో తట్టినట్టు. ఆ వెనక ఊపిరి. పిల్లికూత లాంటి ఊపిరి. గుడ్డలో కుక్కేసిన దగ్గు...

తట్టడం వేగం పెరిగింది. తాళం తప్పింది. ఆగిపోయింది.

సరిగ్గా ఆ తడబాటు దగ్గర.

ఆమెకో అక్క ఉండేది, చిన్నతనంలోనే పోయింది. అక్కకు ఉబ్బసం. నిద్రలో ఊపిరాగి పోయిందని ఇంట్లో చెప్పేవారు.

ఇంతలో మాస్టారు చేతికర్ర ఊతంతో వచ్చారు, పని ఎంతదాకా వచ్చిందో చూద్దామని.

"నాన్నా... అక్క పియానో కింద ఉండేదా?"

"ఉండేది. నా బూటు మీద తాళం వేసేది. దానికి లయ పుట్టుకతో వచ్చింది. నీకేముంది, ఊడ్చిపారెయ్యడం తప్ప?"

"నోటికేం కట్టారు?"

"మఫ్లరు. దగ్గి దగ్గి అప్పటికే రెండు టేపులు పాడుచేసింది మరి."

"ఊపిరాడలేదు నాన్నా దానికి. మీకు తెలిసి కూడా..."

"కాలు పట్టుకుంది, తెలియకేం?" అన్నారాయన తాపీగా. "నేను ఆపితే ఆ పాట మళ్లీ వచ్చేదా? తీసెయ్. ఆ రొద ఫైలు కూడా."

అక్క ఈ లోకంలో మిగిలింది ఆ కాస్త రొదలోనే. ఆమెకు తెలుసు. అయినా చెరిపేసింది.

మాస్టారు కళ్లు మూసుకుని శుభ్రమైన పాటంతా విన్నారు. తడబాటు దగ్గర చిన్నగా నవ్వారు.

"బాగుంది," అన్నారు.

చెప్పడానికే నోరు రావడం లేదు పిల్లలూ... ఆమె సంతోషించింది.

మర్నాడు పొద్దున ఆయన తన పియానో కింద చచ్చిపడి ఉన్నారు. తలుపు లోపలినుంచే గడియ వేసి ఉంది. నోటికి మఫ్లరు. ముడి చూస్తే, చిన్నపిల్లలు వేసే వదులు ముడి. లాగితే ఊడిపోతుంది. ఆయన చేతులు ఖాళీగానే ఉన్నాయి. లాగలేదు.

అంత్యక్రియలయ్యాక ఆమె ఆ గదికి వెళ్లింది. చెరిపేసిన ఫైలు తిరిగొచ్చి ఉంది. మునుపటికన్నా పొడుగ్గా.

చెవులకు పెట్టుకుంది.

టక్... టక్... ఈసారి పెద్దవాళ్ల వేలు. వణుకుతోంది.

"తల్లీ... ముడి విప్పవే... ఊపిరాడట్లేదే తల్లీ..."

ఆ గొంతు ఆమె ఎరిగిందే. దానికి దగ్గరగా మరో గొంతు, పసిది. రికార్డింగ్ రోజుల్లో నాన్న ఎలా గదమాయించేవారో, అచ్చం అలాగే.

"ష్... టేపు తిరుగుతోంది."

ఆపెయ్యబోయింది. చెయ్యి కదల్లేదు.

"నాన్నకి తాళం రావట్లేదు చెల్లీ..."

బల్ల కింద, ఆమె బూటు మీద...

టక్.

ఆమె బతికే ఉంది. ఆ పని మానేసింది. ఎవరింటికెళ్లినా కాళ్లు కుర్చీ మీదికి ముడుచుకునే కూర్చుంటుంది. మన ఇంట్లోనూ అలాగే కూర్చుని చెప్పింది.

నాలుగో ఆల్బమ్ విడుదలైంది, నేను కొనలేదు. చివరి పాటలో ఆ తడబాటు ఇప్పుడు లేదట. ఎవరు సరిచేశారో తెలియదు.

మీరు వాయించేటప్పుడు దగ్గొస్తే దగ్గెయ్యండి నాన్నా. పాట పాడైతే పాడవనీ. ఈ మాట రేపు మీ పిల్లలకీ చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం కాళ్లు పైన పెట్టుకోండి.