వెనక వరస నుంచి వన్స్ మోర్

పటమటలో ఓ సందు చివరున్న ఆ పాత నాటకాల హాలుకి మంచి పేరు లేదు. పగలు అక్కడ పిల్లలు కరాటే నేర్చుకుంటారు, ఎన్నికలప్పుడు మీటింగులు పెడతారు, ఎవరికీ ఏమీ కాదు. నాటకం అయిపోయి, జనం పోయి, లైట్లు ఆర్పాకే వస్తుంది తంటా. వెనక వరస నుంచి ఎవరో పిలుస్తారట... "వన్స్ మోర్" అని.

ఎవరో పద్యాల పిచ్చాయనట. ఓ రాత్రి పద్యం నచ్చి వన్స్ మోర్ కొట్టాడు. పాడినాయనకి ఆఖరి బస్సు తొందర. విననట్టు నటించి లోపలికి పోయాడు. ఈయన అడుగుతూ అడుగుతూ ఆ కుర్చీలోనే ప్రాణం వదిలేశాడు. అప్పట్నుంచి, చీకట్లో ఆ పిలుపు విని పాడినవాణ్ణి గొంతులోంచి నెత్తురొచ్చేదాకా వదలడని చెప్పుకుంటారు. ఒకాయనకి నిజంగానే గొంతు పోయింది. ఇప్పుడు మంగళగిరిలో చీరల కొట్టు నడుపుతున్నాడు. బేరాలకి గొంతు బాగానే పలుకుతుందట, పద్యానికే పలకదు!

ఈ కథలన్నీ జయకృష్ణకి తెలుసు. తెలిసీ ఆ రాత్రి హాల్లో ఒక్కడే మిగిలాడు. భయపడటానిక్కూడా ఓపిక ఉండాలి కదా.

నాటకాలాడుకుంటూ బతుకుదామని, మీసం సరిగ్గా రాని వయసులో పామర్రు పక్కనుంచి బెజవాడ వచ్చాడు. ఇప్పుడా మీసం నెరిసింది. వేషాలు దొరకలేదని కాదు. దసరాకి దొరుకుతాయి, శివరాత్రికి దొరుకుతాయి. ఇంటి అద్దె మాత్రం పండగల కోసం ఆగదు. భార్య సుస్మిత స్కూల్లో పాఠాలు చెప్పి ఇల్లు నెట్టుకొస్తోంది. ఇన్నేళ్ళలో ఒక్క మాట అనలేదు. పోయిన వారం మాత్రం అన్నం వడ్డిస్తూ అంది.

"మా అన్నయ్య బెంజ్ సర్కిల్ ఆఫీసులో మాట్లాడాడండీ. ఫ్లాట్లు చూపించే పని. సాయంత్రాలే కొనేవాళ్ళు ఎక్కువ వస్తారట, నాటకాలంటూ ఎగ్గొడితే కుదరదన్నారు..." తలెత్తకుండా అంది. "నేనూ అలిసిపోయానండీ."

జయకృష్ణ సరేనన్నాడు. రేపు పొద్దున్నే చేరాలి. ఇవాళ్టిదే ఆఖరి వేషం.

అది కూడా సరిగ్గా సాగనివ్వలేదు. దాతలకి శాలువాలు కప్పిందే కప్పారు, వాళ్ళు మాట్లాడిందే మాట్లాడారు. నాటక సమాజం నడిపే తిరుపతిరావు తెర పక్కకి వచ్చి అతని చెవిలో అన్నాడు — "టైం లేదు జయకృష్ణా. పద్యం రెండు పాదాలతో ఆపెయ్. రాగం జోలికి పోకు."

రాజ్యం పోగొట్టుకున్న రాజు ఏటి ఒడ్డున ఒంటరిగా పాడుకునే పద్యం అది. ఏళ్ళ తరబడి సానపట్టుకున్నాడు. అందులో సగం పాడి లోపలికొచ్చేశాడు. చప్పట్లు కొట్టినవాళ్ళున్నారు, భోజనాలకి లేస్తూ కొట్టారు. ఇక వన్స్ మోర్ అంటారా... అతని జన్మలో ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఆ బాధ పెళ్ళానిక్కూడా చెప్పుకోలేదు, సిగ్గు.

తెరలూ కిరీటాలూ వ్యాన్లో వెళ్ళిపోయాయి. తాళం తను వేస్తానని జయకృష్ణ ఆగిపోయాడు. కొబ్బరినూనెతో రంగు తుడుచుకున్నాడు. లైట్లు ఆర్పి, స్టేజీ మీదుగా వస్తూ... ఆగాడు.

పాడాలనుకోలేదు. మింగేసిన రెండు పాదాలూ వాటంతటవే బయటికొచ్చాయి. హార్మోనియం లేదు, మైకు లేదు. మొదట సన్నగా... తర్వాత నిండు గొంతుతో... మళ్ళీ మొదటినుంచీ అందుకుని, చివర రాగాన్ని ఊపిరున్నంతసేపూ సాగదీసి వదిలాడు.

అప్పుడు... వెనక వరస నుంచి... మెల్లిగా —

"వన్స్ మోర్."

పరిగెత్తాలని తెలుసు. చీరల కొట్టాయన గుర్తొచ్చాడు. కానీ భయం వెనకాలే ఇంకోటి తోసుకొచ్చింది... కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరైతేనేం, అడిగారు!

పాడాడు.

"వన్స్ మోర్..." ఈసారి గొంతు మధ్య వరసల్లోంచి. ఏదో కుర్చీ కిర్రుమంది.

పాడాడు. గొంతు బొంగురుపోయింది. నోట్లో ఉప్పగా తగిలింది.

"వన్స్ మోర్..." సరిగ్గా అతని ముందు నుంచి.

నోరు తెరిచాడు, పద్యం రాలేదు. అలసటంతా ఒక్కసారే మీద పడింది — ఆ రాత్రిదే కాదు, బెజవాడలో బస్సు దిగినప్పట్నుంచీ పోగైనదంతా. స్టేజీ అంచున కూలబడి చేతులు జోడించాడు.

"ఇవాళ్టికి ఓపిక లేదండీ... రేపు."

వాళ్ళ ఊళ్ళో ఒకప్పుడు దెయ్యాలు తలుపు కొట్టకుండా, రేపు రమ్మని గోడ మీద రాసేవారు. దెయ్యం అది చదువుకుని వెళ్ళిపోయేది, మర్నాడొచ్చి మళ్ళీ అదే చదువుకునేది. ఆ అలవాటే నోట్లోంచి వచ్చింది. గోడ మీద రాస్తే ఫరవాలేదు. కానీ స్టేజీ మీద నుంచి నటుడు చేతులు జోడించి రేపు అన్నాడంటే, వినేవాడికి రేపు ఆట ఉన్నట్టే.

ఎదురుగా ఎవరో కుర్చీలో సర్దుకున్న చప్పుడు. తర్వాత, ఎంతో మర్యాదగా —

"ఎన్నింటికండీ?"

జయకృష్ణ ఆలోచించలేదు. నాటకాల్లో నలిగిన నోరు దానంతటదే చెప్పేసింది.

"ఆరున్నరకండీ."

ఎదురుగా కుర్చీ టప్పున మడుచుకుంది. చెప్పుల చప్పుడు తలుపుదాకా వెళ్ళింది. తలుపు తెరుచుకోలేదు... చప్పుడు మాత్రం బయటికి వెళ్ళిపోయింది.

తాళం వేసి, రోడ్డు మీది దీపం కిందకొచ్చి ఫోన్ తీశాడు. సుస్మిత మెసేజ్ పెట్టింది. "చొక్కా ఇస్త్రీ చేసి పెట్టానండీ. తొందరగా రండి." దాన్ని చాలాసేపు చూశాడు. తిరుపతిరావుకి ఫోన్ కలిపాడు.

"రేపు సాయంత్రం హాలు ఖాళీయేనా అండీ?"

"ఖాళీయే. రేపు ఉద్యోగంలో చేరుతున్నానన్నావుగా?" తిరుపతిరావు నిద్రమత్తులో విసుక్కున్నాడు. "అయినా రేపటికి రేపు నాటకమంటే ఎవరొస్తారయ్యా?"

"ఒకాయన వస్తానన్నారండీ."

అవతల నిద్రమత్తు వదిలినట్టుంది. మంచం మీంచి లేచి, ఇంట్లోవాళ్ళకి వినపడకుండా బయటికి నడిచి వచ్చిన అలికిడి. ఆ తర్వాత గుసగుసగా అడిగాడు —

"నిన్ను కూడా... ఎన్నింటికని అడిగాడా?"