ఆరడుగులు తక్కువ

పాత పోలీసు ప్రధాన కార్యాలయాన్ని కొలవడానికి తల్లీకూతుళ్ళు వచ్చి అది నాలుగో రోజు. తల్లి ఇరవై ఏళ్ళుగా భవనాల పటాలు గీస్తోంది. కూతురికి కిందటేడే చదువైంది, తల్లి దగ్గరే పనికి కుదిరింది. మరమ్మతులు మొదలయ్యేలోగా ప్రతి గోడా, ప్రతి గుమ్మమూ కాగితం మీదికి ఎక్కాలి.

పనిలో వాళ్ళకి రెండు కట్టుబాట్లు. టేపు సున్నా కొస పట్టుకున్న మనిషి దాన్ని గోడకి ఆనించగానే రెండుసార్లు లాగాలి. పట్టుకున్నాను, చదువుకో అని దానర్థం. రెండోది కూతురు పెట్టింది. పనిచోట అమ్మ లేదు, మేడమే.

"అమ్మా అంటే తిన్నావా అని అడుగుతావు. మేడమ్ అంటేనే పని చెబుతావు" అనేది.

ఆ భవనాన్ని మొదట సరుకుల గిడ్డంగిగా కట్టారట. రెండు మూరల మందం రాతిగోడలు, వంపు తిరిగిన గుమ్మాలు. తర్వాత పోలీసులు తీసుకున్నారు. వచ్చిన ప్రతి పెద్ద అధికారీ తన గుర్తుగా ఓ గదో, ఓ మెట్ల వరసో తగిలించి పోయాడు. మొత్తానికి అతుకుల బొంత. పడమటి గోడకి బయట మాత్రం ఒక్కటే పొడవాటి రాతి అరుగు. దాని మీద వరసగా పళ్ళేలంత గుంటలు.

"ఇవేంటండీ?" అని మొదటి రోజే అడిగింది తల్లి.

అక్కడ ముప్పై ఏళ్ళు కానిస్టేబులుగా చేసి, చివరికి తాళాల కాపలాకి మిగిలిన పెద్దాయన చెప్పాడు. "కూర్చుని కూర్చుని అరిగిందమ్మా. లోపలికి తెచ్చినవాళ్ళ తల్లులు కూర్చునేవారు. బిడ్డ బయటికొస్తే లేచి వెళ్ళేవారు."

"రాకపోతే?"

ఆయన తాళాల గుత్తి చెయ్యి మార్చుకున్నాడు. "గుంటలు చూశారుగా."

చిక్కంతా నేలమాళిగ దగ్గర వచ్చింది. బయట కొలిచి, గోడల మందం తీసేస్తే లోపల ఎనభై నాలుగు అడుగులుండాలి. డెబ్భై ఎనిమిదే వస్తోంది. మూడు రోజులు, మూడుసార్లు.

"టేపుకి వయసైపోయింది మేడమ్."

"టేపుకి కాదు, నీ చేతికి నిద్ర."

తాళాలాయన నవ్వలేదు. "ఆ కొసగోడ నేను చేరేనాటికే ఉందమ్మా. ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో కాగితం లేదు. డెబ్భై ఎనిమిదే రాసుకోండి."

తల్లి ఒప్పుకోలేదు. తప్పు కొలత కింద సంతకం పెట్టడం ఆమె వల్ల కాదు.

నాలుగో రోజు మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ దిగారు. పైన వాన దంచుతోంది. కింద తడిసిన సున్నం వాసన, తుప్పు వాసన, వాటి అడుగున ఎప్పటిదో మనిషి చెమట వాసన. ఒక్కటే బల్బు. ఫోన్లు గేటు దగ్గరే తీసుకున్నారు. తల్లి ఈ చివర, మెట్ల కింద నిలబడింది. కూతురు టేపు కొస పట్టుకుని ఆ చివరికి నడిచింది. అటువైపూ మెట్లున్నాయి.

బల్బు ఆరిపోయింది.

"కదలకు" అంది తల్లి.

పైన ఉరిమింది. ఆ మోతలో కూతురు ఏదో అన్నట్టుంది... వినపడలేదు.

మెట్ల మీంచి దిగిన కాస్త వెలుతురులో చేతిలో టేపు మాత్రం కనిపిస్తోంది. అది నేలకి వాలి ఉంది. మెల్లగా లేచింది. బిగిసింది. చేతిలోంచి కొంచెం కొంచెంగా జారింది... ఇంకొంచెం... ఆగింది.

రెండుసార్లు లాగుడు.

ఆమె వంగి చదివింది. ఎనభై నాలుగు.

ప్రాణం లేచొచ్చినట్టయింది. "దొరికింది" అని గొణుక్కుంది.

"అమ్మా..."

సన్నటి గొంతు. చీకట్లో బెదిరిందనుకుంది. పనిచోట ఆ పిలుపు లేదన్న సంగతి ఆ క్షణాన గుర్తుకే రాలేదు. ఏ తల్లికి మాత్రం వస్తుంది?

"వచ్చేయ్ తల్లీ. పనైపోయింది. ఇంటికెళ్దాం."

టేపు వదులైంది. ఉత్తకాళ్ళ చప్పుడు. తడి నేల మీద... ఒక్కో అడుగే... దగ్గరికి. ఎదురుగా ఆగింది. చెమట వాసన గుప్పుమంది.

వెనక మెట్ల మీద వెలుగు పడింది.

"మేడమ్, టార్చి దొరికింది. చెప్పే వెళ్ళానుగా, వినలేదా? అటు మెట్లెక్కి చుట్టూ తిరిగొచ్చేసరికి సగం తడిశాను."

ఎదురుగా ఎవరూ లేరు. దూరంగా కొసగోడ ఉన్నచోటే ఉంది. టేపు సున్నా కొస మాత్రం ఆమె పాదాల దగ్గర పడి ఉంది.

మర్నాడు తల్లి పనికి వెళ్ళలేదు. తలనొప్పి అంది. కూతురు తాళాలాయన చేత టేపు పట్టించి, సాయంత్రం గెంతుతూ వచ్చింది.

"మేడమ్ గారూ, సరిగ్గా ఎనభై నాలుగు. గోడ అదే, చోటు అదే. మూడు రోజులూ మనమే తప్పు చదివాం."

"ఆయనేమన్నాడు?"

"మీ అమ్మగారు అక్కడెవరితోనైనా మాట్లాడారా అని అడిగాడు. చాదస్తం." తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళింది.

తల్లి లేచి సంచిలోంచి టేపు తీసింది.

తమ ఇంటి పటం తనే గీసింది. గోడలు పోను, ముందుగది నుంచి కూతురి గది చివరి దాకా ముప్పై ఆరడుగులు. కొలిచింది. ముప్పై వచ్చింది. మళ్ళీ కొలిచింది. ముప్పై. కంటికి ఏ తేడా లేదు. బీరువా, బల్ల, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. కొసగోడకి ఆనుకుని కూతురి మంచం.

టేపు కొసని మంచం వెనక గోడకి తగిలించి, ఈ చివరికొచ్చి నిలబడింది.

టేపు బిగిసింది. మెల్లగా జారింది... ఆరడుగులు. ఆగింది.

స్నానాలగదిలో కూతురు కూనిరాగం తీస్తూనే ఉంది.

రెండుసార్లు లాగుడు.