హారన్ మలుపు

కర్మన్‌ఘాట్ గుడి దాటి మీర్‌పేట్ వైపు పోయే లోపలి రోడ్డులో ఒక మలుపు ఉంది. మెడ విరిచినట్టు ఎడమకు తిరుగుతుంది. ఆ మూల మీద ఒక మేడ. పైగది కిటికీ రెక్కలు ఎప్పుడూ మూసే ఉంటాయి. గేటుకు కట్టిన టు-లెట్ బోర్డు ఎండకు వెలిసిపోయి, ఒక్క తీగ మీద తలకిందులుగా వేలాడుతోంది. కిరాయికి ఎవరూ రారు.

చుట్టుపక్కల అందరూ దాన్ని హారన్ మలుపు అంటారు.

ఎందుకంటే... చాలా ఏళ్ల కిందట, ఒక రాత్రి, ఆ మేడ ముందు ఒక జీపు ఆగింది. డ్రైవరుకు గుండె పట్టేసింది. స్టీరింగ్ మీదికి ఒరిగిపోయాడు. ఛాతీ బరువంతా హారన్ మీద పడింది. హారన్ మోగింది... మోగుతూనే ఉంది. మేడమీది ఇంటాయన కిటికీలోంచి నాలుగు బూతులు తిట్టి, రెక్కలు మూసుకుని పడుకున్నాడు. వీధి వీధంతా అదే చేసింది. బ్యాటరీ దిగిపోయి, హారన్ మూలిగి మూలిగి ఆగేసరికి తెల్లారింది. అప్పుడు వెళ్లి చూస్తే ఒళ్లింకా చల్లబడలేదట. రాత్రంతా ప్రాణం ఉందన్నమాట.

ఆ తర్వాత ఇంటాయనకు కంటి మీద కునుకు లేదు. రోజూ అదే మోత వినపడుతోందని చెప్పి, ఏడాది తిరక్కుండా ఇల్లు ఖాళీ చేసి పోయాడు.

నవ్వేవాళ్లు నవ్వుకోండి. ముందు ఆ మేడలో ఒక్క రాత్రి పడుకుని వచ్చి నవ్వండి. నాకీ సంగతి చెప్పింది తిరుపతి — ఎల్బీనగర్‌లో కార్ల వైరింగ్ పని చేస్తాడు. బండి మీద చెయ్యి పెడితే చాలు రోగం తెలిసిపోతుందని గొప్పలు పోయే రకం. దేవుణ్ణే సరిగ్గా నమ్మడు, ఇక దెయ్యాన్నేం నమ్ముతాడు.

అవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడిచిన రోజులు. బస్సుల్లేవు, బడుల్లేవు. బొగ్గు ఆగిపోయి, కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో తెలీదు. ఆ మలుపుకు ఇవతల, కూతవేటు దూరంలో దీక్షా శిబిరం వేశారు. దాన్ని నడిపేవాడు మట్టయ్య. నల్లగొండ మనిషి, సిటీ బస్సు డ్రైవరు, సమ్మెలో ఉన్నాడు. జీతం లేదు, ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగడం లేదు... కోపం మాత్రం నిండా ఉంది. గిరాకీ లేని తిరుపతి కూడా పొద్దుగూకితే అక్కడికే చేరేవాడు. వాళ్లకు చాయ్ పోసేది కౌసల్యమ్మ. ఆ ఖాళీ మేడ పక్కిల్లే ఆమెది.

రోజూ చీకటి పడే వేళకు ఆ దారిన ఒక పాత తెల్లకారు వచ్చేది. స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డు ఉండే కాలం నాటిది. నడిపేది గంగాధరరావు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ లెక్కల మాస్టారు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్. ఊళ్లో అందరి పిల్లల చదువులూ ఆగిపోతే ఈయన షట్టరు సగం దించి క్లాసులు చెప్పుకుంటున్నాడని టెంటులో అప్పటికే ఒళ్లు మండుతోంది.

దానికి తోడు... టెంటు దాటి, మలుపు తిరుగుతూ... బాఁ అని హారన్.

ఒకరోజు కాదు, రోజూ. సరిగ్గా వాళ్లను దాటాక, సరిగ్గా ఆ మూల మీద. టెంటులో ఉన్నవాళ్లకు అది వెక్కిరింపు కాక మరేమవుతుంది? మొదట నినాదాలిచ్చారు. తర్వాత ఎవరో రాయి విసిరితే వెనకద్దం పగిలింది. ఆ తర్వాత మట్టయ్య రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు.

మాస్టారు చేతులు రెండూ స్టీరింగ్ మీదే ఉన్నాయన్నాడు. హారన్ తను ముట్టుకోలేదన్నాడు. మరి నీ తాత నొక్కిండా అని ఒకడు, బండి దిగి మాట్లాడమని ఒకడు. మాస్టారు తక్కువ తిన్నాడా? పనీపాటా లేనివాళ్లకు సంజాయిషీ ఇవ్వనని ఆయనా నోరు పారేసుకున్నాడు. ఇంకో దారి ఉండేది కానీ డ్రైనేజీ పైపుల కోసం తవ్వి పడేశారు. అది బాగున్నా ఆయన పోయేవాడు కాడు, అంత పంతం.

మట్టయ్య అరవలేదు. కిటికీ దగ్గర వంగి, మెల్లగా చెప్పాడు.

"ఇంకోపారి మోగిందనుకో... బండి ఉండది, సార్."

ఆ రాత్రి కౌసల్యమ్మ గ్లాసులు కడుగుతూ, తనలో తను అనుకున్నట్టే అందట — నొక్కేది ఆ మాస్టారు కాదు, జీపాయన అని. తిరుపతి పగలబడి నవ్వాడు.

మర్నాడు పొద్దున్నే గంగాధరరావు కారు తిరుపతి షాపు ముందు ఆగింది. ముందు బంపరుకు నిమ్మకాయలూ మిరపకాయలూ వేలాడుతున్నాయి. ఆయన భార్య కోటేశ్వరమ్మ కట్టిందట. అంతకు ముందోసారి ఇదే రోగానికి తిరుపతి హారన్‌కు కరెంటు అందించే రిలే మార్చాడు, తగ్గలేదు. డబ్బులు దండగ చేశావని ఆయన, నీ బండే దండగని వీడు... అప్పట్నుంచీ మాటల్లేవు. ఇప్పుడు ప్రాణం మీదికొచ్చింది కాబట్టి వచ్చాడు.

తిరుపతి బ్యానెట్ ఎత్తి ప్రతి తీగా లాగి చూశాడు. ఫ్యూజు చూశాడు. బంపరెక్కి తొక్కాడు. టెస్ట్ ల్యాంపు పెట్టి అంతా గాలించాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. బటన్ నొక్కితే మోగుతోంది, వదిలితే ఆగుతోంది.

ఏ రోగమూ లేని బండి... ఆ మలుపులో మాత్రమే ఎందుకు మోగుతుంది?

వెన్నులో మొదటిసారి చలి పుట్టిందని తిరుపతే నాతో చెప్పాడు. బయటికి మాత్రం, పోయి అక్కడే చూద్దాం పద అన్నాడు.

పొద్దు వాలుతుండగా ఇద్దరూ కార్లో బయల్దేరారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కర్మన్‌ఘాట్ దాటింది. ఏమీ లేదు. టెంటు దాటింది. మట్టయ్య లేచి నిలబడ్డాడు. మాస్టారు ఊపిరి బిగబట్టి స్టీరింగ్ ఎడమకు తిప్పాడు... ఇంకా తిప్పాడు...

బాఁ...

టెంటులోంచి జనం పరిగెత్తుకొస్తున్నారు. మాస్టారు స్టీరింగ్ వదిలెయ్యబోయాడు.

"ఇడువకు సార్... గట్లనే పట్టు," అన్నాడు తిరుపతి. స్టీరింగ్ కిందికి దూరి, గొట్టం మీద చెవి పెట్టాడు. "ఇగ జర వెనక్కి తిప్పు."

ఆగింది.

"మల్ల తిప్పు."

మోగింది.

అంతే సంగతి. హారన్ తీగ స్టీరింగ్ గొట్టం లోపలి నుంచి పోతుంది. ముసలి బండి కదా, తీగ మీది తొడుగు ఒకచోట ఊడిపోయింది. స్టీరింగ్ పూర్తిగా ఎడమకు తిరిగినప్పుడు ఆ చోటు ఇనుముకు తగులుతుంది. తగిలితే బటన్ నొక్కినట్టే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఆయన ఇంటిదాకా స్టీరింగ్ అంత గట్టిగా ఎడమకు తిప్పాల్సిన మలుపు ఇదొక్కటే. షాపులో చక్రాలు నిటారుగా ఉన్నాయి కాబట్టి ఎంత వెతికినా దొరకలేదు.

తిరుపతి విజయం సాధించినవాడిలా దిగి అందరికీ వివరించాడు. స్టీరింగ్ ఊడదీసి తీగ మార్చాలని, రేపు చేస్తానని అన్నాడు. మట్టయ్య వినలేదు. వైరో దయ్యమో తనకు అనవసరం, రేపు కాదు, ఇప్పుడే బందు కావాలన్నాడు. హారన్ పీకెయ్యమన్నాడు.

పీకేశాడు తిరుపతి. తీగల కొసలకు నల్లటేపు చుట్టాడు. అంతసేపు మోగిందేమో, హారన్ కాలిపోతోంది. గుడ్డతో పట్టుకుని ఇస్తే, మట్టయ్య దాన్ని తీసుకెళ్లి టెంటు గుంజకు, జెండా పక్కన కట్టాడు. జనం చప్పట్లు కొట్టారు.

మాస్టారు మట్టయ్య వైపు తిరిగాడు. "రేపు ఎవడన్నా అడ్డమొస్తే నేనెలా పిలవాలయ్యా?"

"దిగి పిలువు," అన్నాడు మట్టయ్య.

అందరూ నవ్వారు. తిరుపతీ నవ్వాడు.

ఆ తర్వాత కారు రోజూ మూగగా పోయేది. అద్దాలెత్తుకుని, ఎటూ చూడకుండా. టెంటులోకి వచ్చేపోయే కుర్రాళ్లు గుంజకున్న హారన్‌ను వేలితో మీటి నవ్వుకునేవాళ్లు. తీగ మార్చమని ఆయన అడగలేదు, మారుస్తానని వీడు పోలేదు.

అలా కొన్నాళ్లు గడిచాయి. ఒకరోజు చీకటి పడీ పడకముందే కరెంటు పోయింది. కాలనీ మొత్తం నల్లగా అయిపోయింది. టెంటులో ఒక్క లాంతరు. తెల్లకారు వచ్చింది. ఆ రోజు అద్దం దించి ఉంది. మాస్టారి మొహం నిండా చెమట. ఎవరి వైపో చెయ్యెత్తబోయినట్టు అనిపించిందట కౌసల్యమ్మకు... కానీ ఎవరు చూస్తారు? కారు టెంటు దాటింది. వెనక ఎర్రలైట్లు మలుపులో కలిసిపోయాయి.

అప్పుడు...

బాఁ......

టెంటులో అందరి తలలూ మలుపు వైపు తిరిగాయి.

తర్వాత మట్టయ్య కర్ర అందుకున్నాడు. కొత్త హారన్ పెట్టించుకుని మరీ వెక్కిరిస్తున్నాడని పళ్లు కొరికాడు. ఇంకొకడు లాంతరు పక్కనున్న కిరోసిన్ డబ్బా తీశాడు. అందరూ చీకట్లోకి పరిగెత్తారు. ఆ రోజు కారు మిగిలేది కాదు, అందులో మనిషి సంగతి నాకు తెలీదు.

తిరుపతి మాత్రం తలెత్తి గుంజ వైపు చూశాడు. హారన్ అక్కడే ఉంది. తీగల్లేవు. కదలడం లేదు.

మోత మాత్రం మలుపులోంచి వస్తోంది. ఆగడం లేదు. కోపంతో నొక్కినవాడు నొక్కి వదులుతాడు. ఇనుముకు తగిలిందైతే మలుపు తిరగ్గానే ఆగుతుంది. ఇది ఆగడం లేదు.

కౌసల్యమ్మ వాడి అంగీ పట్టుకుంది. ఆమె చెయ్యి మంచులా ఉంది.

"గీ మోత నాకెరుకే బిడ్డా..." అంది గుసగుసగా. "హారన్ మీద మనిషి పడ్డ మోత."

తిరుపతి పరిగెత్తాడు.

కారు ఖాళీ మేడ గేటుకు గుద్దుకుని ఆగి ఉంది. ముందు లైట్లు గుడ్డిగా వెలుగుతున్నాయి. జనం చుట్టూ నిలబడ్డారు. మట్టయ్య ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఉంది. లోపల గంగాధరరావు స్టీరింగ్ మీద బోర్లా పడి ఉన్నాడు. ఛాతీ కింద హారన్ బటన్.

మట్టయ్య కర్ర పారేసి, తలుపు లాగి, ఆయన భుజాలు పట్టి ఎత్తాడు.

మోత ఆగిపోయింది. ఒక్కసారిగా.

ఆ నిశ్శబ్దంలో... ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తే, ఊపిరి ఉంది.

సమ్మె మొదలైన నాటి నుంచి స్టీరింగ్ ముట్టని మట్టయ్య, మాస్టారిని పక్కకు జరిపి తను కూర్చున్నాడు. తిరుపతి వెనక ఎక్కాడు. ఎల్బీనగర్ దవాఖానకు దారి పొడుగునా చీకటి, రోడ్ల మీద అడ్డంగా జనం, రాళ్లు, టైర్లు. హారన్ నొక్కితే మోగలేదు. మట్టయ్య కిటికీలోంచి తల బయట పెట్టి, గొంతు చిరిగేలా అరుస్తూ నడిపాడు. "జరుగుండ్రి... జరుగుండ్రి..." అని. దవాఖాన చేరేసరికి మాట బొంగురుపోయింది.

ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు.

మాస్టారు కోలుకున్నాక ఏమన్నాడో తెలుసా? వాళ్లు తనను కొట్టడానికే వచ్చారన్నాడు. నిజమే కదా. మట్టయ్య కాదనలేదు, చూడ్డానికీ పోలేదు.

ఆ రాత్రి మాత్రం దవాఖాన బయట, మట్టయ్య తనే బ్యానెట్ ఎత్తాడు. కొత్త హారన్ ఎక్కడ పెట్టించుకున్నాడో చూడాలని. తిరుపతి ఫోన్ లైటు పట్టాడు.

హారన్ ఉండాల్సిన చోటు ఖాళీ. తీగల కొసలకు తిరుపతి చుట్టిన నల్లటేపు చుట్టినట్టే ఉంది. మట్టయ్య బ్యానెట్ దించేశాడు.

నడిచి టెంటుకు తిరిగొచ్చేసరికి నడిరాత్రి దాటింది. అందరూ ఇళ్లకు పోయారు. కౌసల్యమ్మ ఒక్కతే రోడ్డవతల అరుగు మీద కూర్చుని ఉంది... టెంటుకు దూరంగా. కుడిచేతికి తడిగుడ్డ చుట్టుకుంది.

గుంజ మీద జెండా పక్కన హారన్ వేలాడుతోంది.

తిరుపతి చెయ్యి చాపాడు.

"ముట్టకు బిడ్డా," అంది కౌసల్యమ్మ.

అప్పటికే ముట్టుకున్నాడు. చర్మం చుర్రుమంది. అన్ని గంటలైనా ఆ ఇనుము చల్లారలేదు. అప్పుడే మోగి ఆగినట్టు కాలుతోంది.

ఇదంతా చెప్పి తిరుపతి నా ముందు కుడిచెయ్యి తెరిచాడు. రెండు వేళ్ల కొసల మీద గీతల్లేవు, తెల్లగా నున్నగా కాలిన మచ్చలు.

ఇప్పుడు నవ్వండి.